ఊరంతా గవర్నర్లే

స్టార్ట్ కాని బండిని చూస్తే దారిన పోయేవాళ్ళకు జాలి పుడుతుంది. నలుగురూ తలో చెయ్యి వేసి తోస్తారు, అది అందుకోగానే ఎవరి దారిన వాళ్ళు పోతారు. అదే బండి చక్కగా స్టార్టయి, బరువు మోసి, గుట్ట ఎక్కి దిగి, ఇంటి ముందు నిలబెట్టినప్పుడు మాత్రం రేస్ తనంతట తానే పెంచుకుంటూ తగ్గించుకుంటూ ఉంటే ఎవరికీ జాలి పుట్టదు. సలహా పుడుతుంది. జాలిపడ్డవాళ్ళు తోసి వెళ్ళిపోతారు. సలహా చెప్పేవాళ్ళు టీ తాగి వెళతారు.

మా మేనమామ బండి ఈ రెండో రకంలో చేరింది. ఊరు ఉసూర్. ఛత్తీస్‌గఢ్‌లో, బీజాపూర్ జిల్లాలో ఒక బ్లాకుకు పేరిచ్చిన ఊరు. 2007లో దంతెవాడ నుంచి విడదీసి బీజాపూర్‌ను జిల్లా చేశారు. దక్షిణాన కర్రెగుట్టలు, ఆ గుట్టలు దాటితే తెలంగాణ. కచేరీలో హిందీ, సంతలో గోండీ, దోర్లీ, మా ఇంట్లో తెలుగు. ఏ ఇద్దరు కలిసినా ముందు ఏ భాషలో మాట్లాడుకోవాలో ఒక క్షణం తడుముకోవాల్సిన చోటు. బండి చెడినప్పుడు ఆ తడబాటు ఉండదు. పంపు, నోజిల్, ఫిల్టర్, టర్బో అన్న నాలుగు మాటలతో ఎవరైనా ఎవరికైనా బుద్ధి చెప్పవచ్చు.

మామయ్యది ఇప్పపువ్వు, చింతపండు వ్యాపారం. చుట్టుపక్కల సంతల్లో కొని, ఆవపల్లి మీదుగా బీజాపూర్‌కు, అక్కణ్ణుంచి జగదల్‌పూర్ మార్కెట్‌కు పంపిస్తాడు. లెక్కలు నేను రాస్తాను. మోతలన్నీ జీపు మోస్తుంది. జీపు అన్నాను గానీ అది కంపెనీ పేరు కాదు. మా వైపు నాలుగు చక్రాల మీద ఎత్తుగా నిలబడ్డదల్లా జీపే. అసలు కంపెనీ ఏదో చెప్పను, ఇంత వయసు వచ్చాక దాని పరువు తీయడం నాకు ఇష్టం లేదు. పాత డీజిల్ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, కంప్యూటర్ అన్నది వాసనకు కూడా లేదు, ఒక టర్బో ఉంది. వెనక తలుపు మీద టర్బో అని స్టిక్కర్ ఉండేది. ఎండకు సగం అక్షరాలు రాలిపోయాయి కానీ మామయ్య గర్వంలో ఒక్క అక్షరమూ రాలలేదు.

టర్బో ఉన్న బండికి ఒక నియమం ఉంది. ఇంజిన్ నుంచి పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో చివర ఇంకో చక్రం ఉండి బయటి గాలిని ఇంజిన్‌లోకి కూరుతుంది. ఊరికే పోయే పొగతో పని చేయించుకోవాలన్న ఈ ఆలోచనకు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లో పేటెంట్ తీసుకున్నాడు. ముందు ఓడలకూ రైలు ఇంజిన్లకూ అబ్బింది. డీజిల్ కారుకు టర్బో తగిలించి బజారులో అమ్మడం 1978లో మెర్సిడెస్ 300 ఎస్‌డితో మొదలైంది. గుట్ట ఎక్కేటప్పుడు ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరగగలదు. దాన్ని కాపాడేది సన్నటి నూనె పొర. దూరం నుంచి వచ్చి టక్కున తాళం తిప్పేస్తే ఇంజిన్‌తో పాటు నూనె ప్రవాహమూ ఆగిపోతుంది, వేడి మాత్రం అక్కడే ఉంటుంది, ఉన్న నూనె మాడి మసి కడుతుంది. అందుకని బండి ఆపే ముందు ఒక నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచాలి.

మామయ్య ఏకాదశి తప్పినా ఈ నిమిషం తప్పడు. వాకిట్లో బండి నిలిపి, చేతులు స్టీరింగ్ మీద పెట్టి, కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. ఆ నిమిషంలోనే బండి తన గోడు చెప్పుకోవడం మొదలుపెట్టింది. ఘుర్ర్‌ర్... ఘుర్... ఘుర్ర్‌ర్... ఘుర్. ఎనిమిది వందల దగ్గర కదలకుండా నిలబడాల్సిన ఆర్‌పీఎం ముల్లు పదకొండు వందలకు పోవడం, ఏడు వందలకు జారడం, మళ్ళీ లేవడం. ఆక్సిలరేటర్ మీద కాలు పెడితే అంతా సర్దుకుంటుంది. కాలు తీస్తే మళ్ళీ అదే వరస. పైగా ఆ శబ్దం రెండు వీధుల అవతలికి వినిపిస్తుంది. మామయ్య వచ్చాడన్న కబురుతో పాటు మామయ్య బండి ఇంకా బాగుపడలేదన్న కబురు కూడా ఊరికి అందుతుంది.

మొట్టమొదట వచ్చినవాడు బస్సు డ్రైవరు. బానెట్ ఎత్తమని కూడా అడగలేదు. "టర్బో పోయింది మామా" అన్నాడు. ఎలా తెలిసింది అంటే, వెనక స్టిక్కర్ వైపు చూపించాడు. ఊళ్ళో టర్బో ఉన్న బండ్లు తక్కువ. కొత్తగా వచ్చిన కోడలి మీదా, టర్బో మీదా నింద వెయ్యడం సులువు. నిజానికి ఐడ్లింగ్‌లో టర్బోకు దాదాపు సెలవే. పొగ తక్కువ, వేడి తక్కువ, చక్రం ఏదో మర్యాదకు తిరుగుతుంటుంది, లోపలికి కూరే గాలి ఒత్తిడి లెక్కలోకి రాదు. సెలవులో ఉన్నవాడి మీద దొంగతనం కేసు పెట్టడం అన్యాయమని నేను అన్నాను. "నువ్వు లెక్కలు రాసుకో" అన్నాడు డ్రైవరు.

తర్వాత ట్రాక్టరు పటేల్. ఆయన లోకంలో ఇంజిన్ అంటే నోజిళ్ళు, మిగతాదంతా నోజిళ్ళకు ఇనప తొడుగు. "విప్పించి, టెస్టింగ్ పెట్టించు" అన్నాడు. కిరాణం సేటు వచ్చి డీజిల్ డబ్బా మూత తీసి వాసన చూసి, నాలుక చప్పరించి, "ఇందులో ఏదో కలిసింది భాయ్" అన్నాడు. కల్తీ సంగతిలో ఆయన మాటకు ఊళ్ళో విలువ ఎక్కువ. ఎందుకని ఎవరూ అడగరు. బడి సారు మొదటి రోజు పంపు అన్నాడు, తర్వాత ఫిల్టర్ అన్నాడు, ఆ తర్వాత నమస్తే అని పోవడం మొదలుపెట్టాడు.

వీళ్ళందరూ నోటితో ఆగారు. పికప్ నడిపే కుర్రాడు మాత్రం స్క్రూడ్రైవర్ తెచ్చాడు. మిరపకాయలు ఏరే కాలంలో ఇక్కడి నుంచి కూలీలను గుట్టల అవతల తెలంగాణ తోటలకు చేరవేస్తుంటాడు, రెండు రాష్ట్రాల మెకానిక్‌లను చూసిన అనుభవం ఉంది. "ఐడ్లింగ్ స్క్రూ అరచుట్టు ఎక్కిస్తే సరి" అని ఎక్కించాడు. నిజంగానే అరుపు తగ్గింది. ఇంజిన్ ఎప్పుడూ కాస్త పైస్థాయిలోనే మోగుతుంటే కిందికి జారడం వినపడలేదు. రోగం అలాగే ఉంది, మూలుగు మాత్రం ఆగింది. మర్నాడు పటేల్ వచ్చి, "ఇంత రేస్ పెడితే డీజిల్ తాగుతది" అని ముప్పావు చుట్టు దించాడు. బండి కూడలి దగ్గర ఆగిపోయింది. బస్సు డ్రైవరు మళ్ళీ ఎక్కించాడు. పికప్ కుర్రాడు వచ్చి, తన లెక్క ఎవడో చెడగొట్టాడని ఇంకొంచెం ఎక్కించాడు. ఇంజిన్ ఎలా ఊగుతోందో ఆ స్క్రూ కూడా సరిగ్గా అలాగే ఊగడం మొదలుపెట్టింది.

ఈ దశలో మామయ్య తన కొడుక్కు, అంటే నా బామ్మర్దికి ఫోన్ చేశాడు. వాడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సెకండ్ హ్యాండ్‌లో ఒక పాత టర్బో పెట్రోల్ కారు కొన్నాడు. ఆ కారూ సరిగ్గా ఇలాగే చేసిందట. ఫోన్ స్పీకర్‌లో పెట్టి బండిని వినిపించాం. రెండు ఘుర్ర్‌లు విని, "వాక్యూమ్ లీక్ బావా. ఎంఏఎఫ్ సెన్సార్ పీకి చూడండి. థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించండి. స్కానర్ పెట్టండి" అన్నాడు. మా బండికి ఎంఏఎఫ్ సెన్సార్ లేదు, పెట్రోల్ కార్లో ఉండే థ్రాటిల్ రెక్క లేదు, స్కానర్ గుచ్చడానికి కన్నం లేదు. "మరి ఏముంది?" అన్నాడు వాడు. "టర్బో ఉంది" అన్నాడు మామయ్య, గర్వంగా.

వాడి కారు విషయంలో వాడు చెప్పిందంతా నిజం. పెట్రోల్ ఇంజిన్‌లో గాలికీ పెట్రోలుకూ ఒక లెక్క ఉంటుంది. లోపలికి పోయే గాలిని ముఖద్వారం దగ్గరే ఎంఏఎఫ్ సెన్సార్ కొలుస్తుంది, ఆ కొలతను బట్టి కంప్యూటర్ పెట్రోలు పోస్తుంది. ఆ సెన్సార్ దాటాక ఎక్కడైనా గొట్టం చిట్లితే, లెక్కలో పడని గాలి దొడ్డిదారిన దూరుతుంది. మిశ్రమం పలచబడి రేస్ పడిపోతుంది. కంప్యూటర్ కంగారుపడి ఐడిల్ వాల్వ్ తెరుస్తుంది, రేస్ లేస్తుంది. ఎక్కువైందని మూస్తుంది, పడిపోతుంది. టర్బో కార్లో ఈ బెడద ఇంకా ఎక్కువ, ఎందుకంటే గొట్టాలు ఎక్కువ. ఫిల్టర్ నుంచి టర్బోకు, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడినుంచి థ్రాటిల్‌కు. మధ్యలో బైపాస్ వాల్వ్, క్రాంక్‌కేస్ ఆవిరి గొట్టం, బ్రేక్ బూస్టర్ గొట్టం. పదేళ్ళు ఇంజిన్ వేడికి ఉడికిన రబ్బరు ఎక్కడ చిట్లుతుందో చెప్పలేం.

అలాంటి కారును పరీక్షించే పద్ధతి ఒకటుంది, పైసా ఖర్చులేని పనులతో మొదలుపెట్టాలి. ముందు గొట్టాలన్నీ చేత్తో వంచి, కింది భాగాలు తడిమి చూడాలి. థ్రాటిల్ చుట్టూ పేరుకున్న మసి తుడవాలి. ఎంఏఎఫ్ ప్లగ్గు పీకితే కంప్యూటర్ కొలత మానేసి అంచనా మీద నడిపిస్తుంది, అప్పుడు ఊగడం ఆగితే సెన్సార్‌నో, దాని తర్వాతి లీకునో అనుమానించాలి. చివరగా ఇన్‌టేక్‌లోకి పొగ ఊదించి, అది ఏ సందులోంచి బయటికొస్తుందో చూడాలి. మా బామ్మర్ది కారుకు ఇదంతా తలకిందులుగా జరిగింది. ముందు సెన్సార్ మార్చారు, తర్వాత వాల్వ్ మార్చారు, ఆ తర్వాత ఇంకో సెన్సార్ మార్చారు, పొగ చివర్లో ఊదారు. ఇన్‌టేక్ కింద, కంటికి కనపడని చోట, అరచేతిలో పట్టే రబ్బరు ఎల్బో ఒకటి చీలి ఉంది. ఆ ఎల్బో ధర వాడు ఇప్పటికీ ఎవరికీ చెప్పడు. సెన్సార్ల ధర అడక్కుండానే చెబుతాడు.

మా డీజిల్ బండి దగ్గర ఈ పద్ధతులు పనికిరావు. ఇలాంటి పాత డీజిల్ ఇంజిన్ గాలిని కొలవదు, దొరికినంత పీల్చుకుంటుంది. రేస్ ఎంతన్నది పోసే డీజిల్‌ను బట్టి ఉంటుంది. ఎంత పొయ్యాలో పంపులో ఉన్న గవర్నర్ చూసుకుంటాడు. రాష్ట్రానికి ఉండే గవర్నరు కాదు, ఈయనకు పని ఉంటుంది. మా మెకానిక్‌లు ఆ పంపును ఇప్పటికీ మైకో పంపు అంటారు. 1951లో బెంగళూరులో పెట్టిన మైకో కంపెనీ 2008లో బాష్ అని పేరు మార్చుకున్న సంగతి ఉసూర్ దాకా రాలేదు.

గవర్నర్ లోపల చిన్న బరువులు ఇరుసుతో పాటు గిరగిరా తిరుగుతుంటాయి. రేస్ పెరిగితే అవి బయటికి విచ్చుకుని డీజిల్ తగ్గిస్తాయి. రేస్ తగ్గితే స్ప్రింగు వాటిని లోపలికి నెట్టి డీజిల్ పెంచుతుంది. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి ఇంజిన్‌కు తగిలించిన గుండ్ల సూత్రమే ఇది. పాపం ఆ బరువులకు కళ్ళు లేవు. జరిగిపోయినదాన్ని బట్టి సరిదిద్దుతాయి. రేస్ ఎందుకు పడిందో వాటికి తెలియదు. పడింది కాబట్టి డీజిల్ పోస్తాయి. పోసిన డీజిల్ పనిచేసేసరికి పడడానికి కారణమైనది పోయి ఉంటుంది. రేస్ ఎగురుతుంది. కోసేస్తాయి. మళ్ళీ పడుతుంది. దీన్నే మెకానిక్‌లు హంటింగ్ అంటారు.

ఈ హంటింగ్ మీద 1868లో జేమ్స్ క్లెర్క్ మాక్స్‌వెల్ ఒక వ్యాసమే రాశాడు. విద్యుత్తునూ అయస్కాంతాన్నీ కాంతినీ ఒకే లెక్కలో బిగించిన మహానుభావుడు, గవర్నర్ల ఊగిసలాట మీద కూర్చుని సమీకరణాలు కట్టాడు. ఇంజిన్‌కు చిన్న కుదుపు తగిలితే దాని తర్వాత నాలుగు రకాలుగా జరగవచ్చని తేల్చాడు. ఆ తేడా అలా పెరుగుతూ పోవచ్చు. అలా తగ్గుతూ పోవచ్చు. అటూ ఇటూ ఊగుతూ ఊపు పెరుగుతూ పోవచ్చు. ఊగుతూ ఊగుతూ ఊపు తగ్గి నిలబడవచ్చు. గవర్నర్ మంచిది కావాలంటే రెండోదో నాలుగోదో జరగాలి.

మాక్స్‌వెల్ ఉసూర్ రాలేదు, వచ్చి ఉంటే ఆ నాలుగు రకాలనూ మా అరుగు మీద వరసగా కూర్చుని ఉండగా చూసేవాడు. పికప్ కుర్రాడు మొదటి రకం, స్క్రూ ఎక్కించడమే తెలుసు. బడి సారు రెండో రకం, నమస్తే దాకా తగ్గిపోయాడు. పటేలూ బస్సు డ్రైవరూ మూడో రకం, ఒకరు దించితే ఒకరు ఎక్కించి, రోజురోజుకూ గొంతు పెంచుకుంటూ, చివరికి బండిని వదిలేసి ఎప్పటిదో పొలం గట్టు తగాదా దాకా పోయారు. నాలుగో రకం మామయ్య. మొదట అందరి మాటా విని అటూ ఇటూ ఊగినవాడు, ఊగి ఊగి, ఉసూరుమంటూ సీట్లో చేరగిలబడి, "మిస్త్రిని పిలువు అల్లుడూ" అన్నాడు.

మిస్త్రి భద్రాచలంలో పని నేర్చుకుని ఇటు వచ్చినవాడు. మాట తక్కువ మనిషి. బండి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద చెయ్యి పెట్టకుండానే మామయ్యను అడిగాడు. "నిండు ట్యాంకు మీద అరుస్తదా, డీజిల్ తక్కువున్నప్పుడు అరుస్తదా?"

మామయ్య నా వైపు చూశాడు. నేను పటేల్ వైపు చూశాను. అరుగు మీద ఉన్నవాళ్ళెవరికీ జవాబు తెలియదు. ఇన్నాళ్ళూ అందరూ బండికి చెబుతున్నారే గానీ బండి చెప్పేది విన్నవాళ్ళు లేరు. లోపలి నుంచి అత్తయ్య గొంతు వినపడింది. "డీజిల్‌కు పైసలు అడిగే రోజే ఎక్కువ అరుస్తది. నింపిచ్చుకొచ్చిన రోజు సక్కగుంటది." డీజిల్ పైసలు ఆమె డబ్బాలోంచే పోతాయి. బండి ఆరోగ్యం సంగతేమో గానీ ఆ తేదీలు ఆమె మరిచిపోదు.

"మూతి ఎత్తు మీద పెట్టి ఆపితే?" అన్నాడు మిస్త్రి.

"ఇంకా ఎక్కువ" అంది అత్తయ్య.

మిస్త్రి తల ఊపాడు. ట్యాంకు వెనక, ఇంజిన్ ముందు. డీజిల్ తగ్గినా, మూతి పైకి లేచినా, పంపు ఇంకా లోతు నుంచి పీల్చుకోవాలి. గట్టిగా పీల్చేటప్పుడే ఎక్కువ అరుస్తోందంటే అనుమానం పీల్చే దారి మీదికి పోతుంది. ఇది నాకు తర్వాత అర్థమైంది. అప్పుడు మాత్రం అతను ఏమీ చెప్పలేదు. బస్సు డ్రైవరు అక్కడే నిలబడి ఉన్నాడు గనుక ముందు ఆయన కేసు తేల్చాడు. ఇంజిన్ చల్లారాక టర్బోకు పోయే గాలి గొట్టం క్లిప్పు వదులు చేసి, రెండు వేళ్ళు లోపలికి పెట్టి, ఇరుసు కొస పట్టుకుని పక్కలకు కదిపాడు. వెంట్రుకవాసి కదిలింది. ముందుకూ వెనక్కూ లాగితే కదల్లేదు. చక్రం రెక్కలు గోడకు ఎక్కడా రాసుకోలేదు. వేళ్ళకు అంటిన కాస్త నూనెను ప్యాంటుకు తుడుచుకుని, "టర్బోకేం కాలే" అన్నాడు. డ్రైవరు ముఖం చిన్నబోయింది. ఆ చక్రం నిర్దోషి అని తేలినందుకు అంత బాధపడ్డ మనిషిని నేను చూడలేదు.

ఎదురుగా ఒక ఇల్లు కడుతున్నారు. మిస్త్రి అక్కడికి పోయి తాపీ మేస్త్రిని లెవల్ పైపు అడిగాడు. గోడలు సమంగా ఉన్నాయో లేదో నీళ్ళు పోసి చూసే పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు. మేస్త్రి గొణుక్కుంటూ జానెడు ముక్క కోసిచ్చాడు. డీజిల్ ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య ఉన్న నల్ల పైపు తీసి, ఆ జానెడు ముక్క బిగించాడు. ఫిల్టర్ తల మీది స్క్రూ వదులు చేసి, చేతి ప్రైమర్‌ను చటక్ చటక్‌మని కొట్టి, నురగ పోయి పలచటి పసుపు డీజిల్ వచ్చేదాకా ఆగి, బిగించాడు. "స్టార్ట్ చెయ్ మామా" అన్నాడు.

అందరం వంగాం. పైపులో డీజిల్ పారుతోంది. మొదట ఏమీ లేదు. తర్వాత సన్న బుడగలు ఒకదాని వెనక ఒకటి. వాటి వెనక ఒక పొడుగాటి బుడగ మెల్లగా జరుగుతూ వచ్చి పంపులోకి దూరింది. ఒక క్షణం. ఘుర్ అని ఇంజిన్ జారింది. మళ్ళీ ఘుర్ర్‌ర్ అని లేచింది. ఇంకో పొడుగాటి బుడగ. మళ్ళీ జారింది. ఇన్నాళ్ళు చెవితో విన్నదంతా కంటికి కనపడుతోంది. అరుగు మీది వాళ్ళందరూ ఒకే సమయంలో నోరు మూసుకోవడం మా వాకిట్లో అదే మొదటిసారి.

పటేల్ తేరుకుని, "పంపులోనే ఏమో మరి" అన్నాడు. మిస్త్రి వాదించలేదు. ఒక డబ్బాలో శుభ్రమైన డీజిల్ పోయించి, వాకిట్లో ఉన్న ఇప్పచెట్టు కొమ్మకు తాడుతో వేలాడదీశాడు. దాంట్లోంచి ఒక పైపు నేరుగా పంపుకు, పంపు నుంచి వెనక్కి వచ్చే డీజిల్‌కు ఇంకో పైపు మళ్ళీ ఆ డబ్బాలోకే. ట్యాంకుతో, ఫిల్టర్‌తో, అడుగున ఉన్న పైపులతో సంబంధం లేదు. సంతకు పోతున్న ఒక ముసలమ్మ ఆగి చూసి, "బండికి గుల్కోజ్ ఎక్కిస్తున్రా బిడ్డా?" అంది. "అవును అవ్వా, రాత్రి నుంచి ఏం తినలే" అన్నాడు మిస్త్రి. ఆ రోజు అతను పని సంగతి కాకుండా ఆడిన మాట అదొక్కటే.

స్టార్ట్ చేశాడు. ముల్లు లేచి, కాస్త తడబడి, నిలబడింది. అలాగే నిలబడింది. పంపు బాగుంది, గవర్నర్ బాగున్నాడు, నోజిళ్ళు బాగున్నాయి. తప్పు ట్యాంకు నుంచి ఫిల్టర్ దాకా ఉన్న దారిలో ఉంది. మిస్త్రి గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరాడు. ట్యాంకు పక్కన ఇనప పైపు రబ్బరు పైపులో దూరే చోట క్లిప్పు తీసి, రబ్బరును బొటనవేలితో వంచి మాకు చూపించాడు. క్లిప్పు కింద సన్నటి చీలికలు, వయసు మీద పడ్డ రబ్బరు. చుట్టూ మాత్రం పొడిగా ఉంది, ఒక్క చుక్క తడి లేదు.

అందుకే ఇన్నాళ్ళు ఎవరికీ దొరకలేదు. కారే లీకు నేల మీద మరక వేసి తన ఊరూ పేరూ చెబుతుంది. ఇక్కడ పంపు అవతలి నుంచి పీలుస్తోంది, పైపు లోపలి ఒత్తిడి బయటి గాలికంటే తక్కువ. చీలిక దగ్గర డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. పోయిన గాలి బుడగై పంపు చేరుతుంది. సిలిండర్‌కు డీజిల్ బదులు గాలి అందితే ఇంజిన్ జారుతుంది, కళ్ళు లేని గవర్నర్ కంగారుపడి పోస్తాడు.   హైదరాబాద్‌లో మా బామ్మర్ది కారు గాలి లెక్కలోకి దొంగ గాలిని పీల్చింది. మా బండి డీజిల్ లెక్కలోకి పీల్చింది. పెట్రోలుకూ డీజిల్‌కూ ఎంత తేడా ఉన్నా రబ్బరు ముసలితనానికి తేడా లేదు.

డీజిల్‌కు తట్టుకునే కొత్త పైపు, రెండు క్లిప్పులు, ఫిల్టర్ తల దగ్గర కొత్త రాగి వాషర్లు, కొత్త ఫిల్టర్. అడుగున పేరుకున్న నీళ్ళు వదిలాడు. ఊరంతా కలిసి తిప్పిన ఐడ్లింగ్ స్క్రూను వెనక్కి తిప్పి, ముల్లు ఎనిమిది వందల మీద నిలిపి, దాని నట్టు బిగించి, ఆ నట్టు మీద ఎర్ర రంగు చుక్క పెట్టాడు. ఎందుకని అడిగితే, "ఎవరన్న ముట్టుకుంటే తెలుస్తది" అని అరుగు వైపు చూశాడు. పైపు ఖరీదు లెక్కలో రాసుకుంటూ పై పేజీలు తిరగేశాను. సలహాదారులకు తాగించిన టీల ఖర్చు దానికంటే ఎక్కువ ఉంది.

సాయంత్రానికి కబురు అందరికీ చేరింది. బస్సు డ్రైవరు వచ్చి, "టర్బో పనే గాలి గదా మామా. నేను గాలి సంగతే చెప్పిన" అన్నాడు. కిరాణం సేటు, "డీజిల్‌లో ఏదో కలిసిందని అన్నానా లేదా? గాలి కలిసింది" అన్నాడు. పటేల్ లెక్క ప్రకారం ఆ పైపు చివరికి పోయేది నోజిల్‌కే కాబట్టి అది నోజిల్ పైపే. పికప్ కుర్రాడు, చివరికి స్క్రూ ముట్టుకున్నారు గదా అన్నాడు. బడి సారు ఫిల్టర్ మార్చారని విని నమస్తే మానేసి మళ్ళీ కూర్చున్నాడు. హైదరాబాద్ నుంచి బామ్మర్ది, వాక్యూమ్ లీక్ అని మొదటి రోజే చెప్పానని మెసేజ్ పెట్టాడు. వాడి మాటలో నిజం ఉందని నేను ఒప్పుకోక తప్పలేదు.

మామయ్య అందరి మాటా విన్నాడు, అందరికీ టీ చెప్పాడు. టీలు అయ్యాక నెమ్మదిగా అడిగాడు. "అందరూ కరెక్టుగానే చెప్పిన్రు. మరి ఇన్నాళ్ళు ఆ పైపు ఎవ్వడు చూసినట్టు?"

ఆ ఒక్క విషయం మీద ఉసూర్‌లో ఇంతవరకు ఎవరూ సలహా ఇవ్వలేదు.